వెలుతురు పోయింది సరే, పొద్దున పోయిన ఓవర్ల సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

వెలుతురు లేక టెస్టు మ్యాచ్ ఆగిపోయిన మర్నాడు మీ క్రీడా పేజీ తిరగేసినా, మా కావలి ట్రంకు రోడ్డు మీద టీ అంగడి దగ్గర నిలబడినా ఒకటే మాట వినపడుతుంది. అంపైర్లు ఆటను చంపేశారట. ఇంకో నాలుగు ఓవర్లు వేయిస్తే ఏం పోయేది, జనం డబ్బులు పెట్టి టిక్కెట్లు కొనుక్కుని వచ్చారు గదా, స్టేడియంలో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి గదా అంటారు. ఆ కోపం నాకు తెలుసు. ఆట మంచి పట్టు మీద ఉండగా ఆపేస్తే చూసేవాడికి ఒళ్లు మండుతుంది. కానీ ఆ కోపం తగలాల్సిన చోట తగలడం లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా వేసుకోమని మనవి.

నేను హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ణి. స్కూలు పోటీల నుంచి సంక్రాంతి టోర్నమెంట్ల దాకా, ఇటు బిట్రగుంట నుంచి అటు సింగరాయకొండ, ఒంగోలు వరకు అంపైరింగు చేశాను, స్కోరు రాశాను. ఇప్పటికీ పిలిస్తే టోపీ పెట్టుకుని వెళ్తాను. పెద్ద మ్యాచ్‌లకు నిలబడినవాణ్ణి కాదు. కానీ సాయంత్రం ఐదు దాటాక ఎర్ర బంతి ఎలా మాయమవుతుందో గ్రౌండు మధ్యలో నిలబడి చూసినవాణ్ణి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సాయంత్రం నాలుగున్నరకు వెలుతురు కొలిచే లైట్ మీటరు బయటికి తీసిన అంపైరును నిలదీయకండి, పొద్దున పదకొండింటికి ఓవర్లు పోగొట్టిన వాళ్లను నిలదీయండి.

ముందు ఆ వెలుతురు సంగతి. టీవీలో చూసేవాళ్లకు గ్రౌండు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. కెమెరా తక్కువ వెలుతురులో కూడా బొమ్మను వెలుగు చేసి చూపిస్తుంది. ‘ఇంత వెలుతురు పెట్టుకుని ఆపుతారా’ అని ఇంట్లో కూర్చున్నవాళ్లు అనుకోవడానికి సగం కారణం అదే. పిచ్ దగ్గర సంగతి వేరు. గంటకు నూట నలభై కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి అర సెకను లోపే బ్యాట్స్‌మన్ దగ్గరికి వచ్చేస్తుంది. అరవై డెబ్భై ఓవర్లు ఆడిన ఎర్ర బంతి మెరుపు పోయి, మట్టి పట్టి, గోధుమ రంగులోకి దిగిపోయి ఉంటుంది. మబ్బు పట్టిన సాయంత్రం ఆ రంగు చుట్టూ ఉన్న మసక చీకట్లో కలిసిపోతుంది.

ఎవరూ పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. వెలుతురు తగ్గినప్పుడు బంతి మొదట కనపడకుండా పోయేది బ్యాట్స్‌మన్‌కు కాదు. అతనికి ఎదురుగా, బౌలరు వెనక తెల్లటి సైట్‌స్క్రీన్ ఉంటుంది, మా ఊళ్లలోనైతే కనీసం తెల్ల గుడ్డ కట్టి ఉంటుంది. పిచ్‌కు పక్కగా పాయింట్‌లోనూ కవర్స్‌లోనూ నిలబడిన కుర్రాడికి, ఇంకో పక్క స్క్వేర్‌లెగ్‌లో నిలబడిన అంపైరుకు ఆ సాయం ఉండదు. వాళ్ల చూపుకు ఎదురుగా వేపచెట్లు, షామియానా, జనం. బ్యాటు చప్పుడు చెవిన పడుతుంది, బంతి ఎటు వచ్చిందో మాత్రం తెలియదు. నేను స్క్వేర్‌లెగ్‌లో ఉన్నప్పుడు వెలుతురును అలాగే కొలిచేవాణ్ణి. రెండు మూడు బంతులు వరసగా చప్పుడు విన్నాక కళ్లతో వెతుక్కోవాల్సి వస్తే రెండో అంపైరు దగ్గరికి నడిచేవాణ్ణి. ‘సార్, బంతి అగపళ్ళా’ అని ఏ ఫీల్డరూ నోరు తెరిచి చెప్పడు. చెప్తే భయపడ్డాడంటారని వాడి బాధ. వాడి తరఫున చూడాల్సింది అంపైరే.

మా దగ్గర స్కూలు గ్రౌండ్లలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సూర్యుడు కళ్లలో పడకుండా పిచ్‌ను ఉత్తర దక్షిణాలుగా వేయాలి. ప్రహరీ గోడలూ గదులూ కట్టగా మిగిలిన స్థలంలో ఎటు కుదిరితే అటు వేసిన పిచ్‌లు మా వైపు చాలా ఉన్నాయి. తూర్పు పడమరలుగా ఉన్న పిచ్ మీద నాలుగున్నర నుంచి ఒక కొసన బ్యాట్స్‌మన్ ఎండకు కళ్లు చికిలించుకుని ఆడతాడు, ఆ ఎండ పోయిన కాసేపటికి చీకటి. మధ్యలో సుఖంగా ఆడే వెలుతురు పావుగంట కూడా ఉండదు. వెలికొండల కింద ఉన్న ఊళ్లలో పొద్దు కొండ వెనక్కి ఇంకా ముందే దిగిపోతుంది.

క్రికెట్ బంతితో ప్రాణాలే పోయిన సంగతి మనకు తెలియనిది కాదు. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో బ్యాట్స్‌మన్‌కు బాగా దగ్గరగా షార్ట్‌లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడిన రామన్ లాంబా తలకు బంతి తగిలింది, మూడు రోజులకు చనిపోయాడు. ఆయన భారత జట్టుకు ఆడినవాడు. ఆ ప్రమాదానికీ వెలుతురుకూ సంబంధం లేదు. నేను గుర్తు చేస్తున్నది బంతి ఎంత గట్టిదో, ఫీల్డరు కూడా ఎంత ప్రమాదంలో ఉంటాడో చెప్పడానికే. బంతి చక్కగా కనపడే వేళలోనే అలా ఉంటే కనపడని వేళ సంగతి మీరే ఆలోచించండి.

నిబంధన మాట కూడా చెప్పాలి. ఒకప్పుడు వెలుతురు తగ్గితే అంపైర్లు బ్యాట్స్‌మన్‌ను ‘ఆడతారా, వెళ్తారా’ అని అడిగేవాళ్లు. గెలుపు మీద ఉన్న జట్టు ఆడేది, ఓటమి అంచున ఉన్న జట్టు బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయేది. అలా వెలుతురు ఒక ఎత్తుగడ అయిపోయింది. 2010లో అంతర్జాతీయ క్రికెట్‌లో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పుడు ఆడటం ప్రమాదకరమా, సమంజసం కాదా అన్నది ఇద్దరు అంపైర్లే తేల్చాలి. ఒకసారి మీటరులో ఒక అంకె చూసి ఆట ఆపారంటే ఆ మ్యాచ్ అయ్యేదాకా అదే కొలత, రెండు జట్లకూ అదే. ఇది న్యాయమైన మార్పు. చిన్న అంపైరునే అయినా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అయినా తిట్లు ఆగలేదు. ఎవరికి నష్టం జరిగితే వాళ్లు తిడుతున్నారు. 2024 అక్టోబరులో బెంగళూరు టెస్టు నాలుగో రోజు న్యూజిలాండ్ 107 పరుగుల లక్ష్యంతో బ్యాటింగుకు దిగింది. నాలుగు బంతులు పడ్డాయో లేదో వెలుతురు లేదని అంపైర్లు ఆపేశారు. మబ్బు కింద బంతి తిరిగే వేళ అది. రోహిత్, కోహ్లీ అంపైర్లతో గట్టిగా వాదించారు. మనమూ టీవీల ముందు వాదించాం. మర్నాడు న్యూజిలాండ్ ఎనిమిది వికెట్లతో గెలిచింది. అదే 2025 ఆగస్టులో లండన్‌లోని ఓవల్‌లో మన మీద గెలవడానికి ఇంగ్లండ్‌కు ఇంకా 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లు ఉన్నాయి. వెలుతురు తగ్గి ఆట ఆగింది, వెంటనే వాన పట్టుకుంది. ఆ రాత్రి విశ్రాంతి దొరికిన మన హైదరాబాదు సిరాజ్ పొద్దున వచ్చి ఆరు పరుగుల తేడాతో మ్యాచ్ గెలిపించాడు. అప్పుడు ఇంగ్లండ్ వాళ్లకు మండింది, మనకు మండలేదు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నీతీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన రోజు కూడా ఆట ముందుగానే ముగిసింది. అతను 105తో నాటౌట్‌గా నడిచి వస్తుంటే మన ఇళ్లలో కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సాయంత్రం పోయిన ఓవర్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అంపైరు ఇలాంటి లెక్కలు చూడకూడదు. ఎవరు గెలుస్తారన్నది మనసులో పెట్టుకుని ఆకాశం వైపు చూసే అంపైరు ఆ పనికి పనికిరాడు.

లైట్లు ఉన్నాయి గదా అనేవాళ్లకు ఒక్క మాట. పగటి వెలుతురు పోయి లైట్ల వెలుతురే మిగిలినప్పుడు ఎర్ర బంతి సరిగా కనపడదు. అందుకే గదా రాత్రి టెస్టుల కోసం గులాబీ బంతి తయారు చేసింది. దాంతో మొదటి టెస్టు 2015 నవంబరులో అడిలైడ్‌లో జరిగింది, మన దేశంలో 2019లో ఈడెన్ గార్డెన్స్‌లో బంగ్లాదేశ్ మీద ఆడారు. మామూలు టెస్టులో ఎర్ర బంతి పెట్టుకుని లైట్లు వేస్తే కాసేపు లాక్కురావచ్చు, అంతకంటే కాదు. 2024 సెప్టెంబరులో ఓవల్‌లో శ్రీలంక మీద ఆడుతుండగా వెలుతురు చాలక ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ క్రిస్ వోక్స్ ఓవరు మధ్యలో నిదానంగా పడే ఆఫ్‌స్పిన్ వేయాల్సి వచ్చింది. పెద్ద లైట్లున్న గ్రౌండులోనే ఆ పరిస్థితి.

ఇక అసలు సంగతికి వస్తాను. మన దేశంలో టెస్టు పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగున్నరకు ముగియాలి. ఆ లోపల తొంభై ఓవర్లు వేయాలి. పడకపోతే అరగంట అదనంగా, అంటే ఐదు దాకా ఆడుకోవచ్చు. ఈ అదనపు అరగంటను ఎక్కడ పెట్టారో చూడండి. రోజంతటిలో వెలుతురు అన్నిటికంటే తక్కువగా ఉండే చోట పెట్టారు. మన కావలిలో నవంబరు చివర్లో కూడా ఐదున్నర దాటాకే పొద్దు గుంకుతుంది కాబట్టి మబ్బు లేకపోతే ఇక్కడ ఆ అరగంటకు అర్థం ఉంది. దేశమంతా ఒకే గడియారం. ఆ గడియారానికి ఆధారమైన రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. దానికి తూర్పున ఎంత దూరం పోతే పొద్దు అంత ముందు గుంకుతుంది. కోల్‌కతాలో నవంబరు మూడో వారానికి ఐదు కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు. అక్కడ నాలుగున్నర నుంచి ఐదు దాకా అదనపు ఆట కాగితం మీద ఉంటుంది, గ్రౌండు మీద ఉండదు.

2017 నవంబరులో అక్కడే జరిగింది. శ్రీలంకతో టెస్టు, వాన వల్ల తొలి రెండు రోజుల్లో కలిపి 32.5 ఓవర్లే పడ్డాయి. ఆఖరి రోజు కోహ్లీ సెంచరీ కొట్టి డిక్లేర్ చేస్తే శ్రీలంక 231 లక్ష్యంతో దిగి 75 పరుగులకు ఏడు వికెట్లు పోగొట్టుకుంది. శ్రీలంక బ్యాట్స్‌మన్ డిక్‌వెలా బంతి బంతికీ సమయం సాగదీస్తున్నాడని మనవాళ్లు మండిపడ్డారు. 26.3 ఓవర్ల దగ్గర వెలుతురు లేదని ఆపేశారు. ఇంకో మూడు వికెట్లు పడితే మనం గెలిచేవాళ్లం. 2021లో కాన్పూర్‌లోనూ అంతే. ఆఖరి వికెట్‌కు న్యూజిలాండ్ ఆటగాళ్లు రచిన్ రవీంద్ర, అజాజ్ పటేల్ 52 బంతులు అడ్డుకున్నారు, అంపైర్లు మాటిమాటికీ మీటరు చూశారు, ఒక్క వికెట్ మిగిలి మ్యాచ్ డ్రా అయింది. న్యాయంగా చెప్పాలంటే ఆ ఆఖరి రోజు మన స్పిన్నర్లు చకచకా వేశారు, సమయం తిన్నది వాళ్లు కాదు. కానీ అదే టెస్టులో మొదటి రోజు 84 ఓవర్లే పడ్డాయి. మొదటి రోజు ఇంకో ఆరు ఓవర్లు పడి ఉంటే ఆట అంతా ఆ మేరకు ముందుకు జరిగేది గదా. ఆ సంగతి అప్పుడు ఎవరూ రాయలేదు. ఆఖరి సాయంత్రం మీటరు పట్టుకున్న అంపైరు ఫొటో మాత్రం అన్ని పేపర్లలో వచ్చింది.

బోర్డు వాళ్లకు ఇది తెలియక కాదు. 2025 నవంబరులో గువాహటిలో మొదటిసారి టెస్టు పెట్టినప్పుడు అక్కడ పొద్దు త్వరగా గుంకుతుందని తొమ్మిదికే మొదలుపెట్టి నాలుగుకు ముగించేలా పెట్టారు. లంచ్ కంటే ముందు టీ విరామం ఇచ్చారు. నూటయాభై ఏళ్ల అలవాటును పక్కన పెట్టి సూర్యుడికి తగ్గట్టు గడియారం మార్చారు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ పని గువాహటిలో చేయగలిగినప్పుడు శీతకాలంలో కోల్‌కతాలో, కాన్పూర్‌లో ఎందుకు చేయకూడదు? అయితే గువాహటి ఇంకో నిజం కూడా బయటపెట్టింది. తొమ్మిదికే మొదలుపెట్టినా మొదటి రోజు పడింది 81.5 ఓవర్లే. వెలుతురు లేదని ఆపేశారు. గడియారం ఒక్కటే మార్చితే చాలదని అర్థమైంది గదా.

ఇక్కడే ఓవర్ రేటు సంగతి వస్తుంది. ఆరు గంటల ఆటలో తొంభై ఓవర్లంటే గంటకు పదిహేను, ఓవరుకు నాలుగు నిమిషాలు. గంటకు పదమూడే వేస్తే రోజు ముగిసేసరికి పన్నెండు ఓవర్లు బాకీ. అదనపు అరగంటలో ఏడు వేసినా ఐదు మిగిలిపోతాయి. వాన వల్లనో వెలుతురు వల్లనో పోయిన సమయానికైతే మర్నాడు పావుగంట ముందుగా మొదలుపెట్టి 98 ఓవర్లు పెట్టుకోవచ్చు. కానీ బౌలింగు జట్టు నిదానం వల్ల పోయిన ఓవర్లు మర్నాటికి రావు. అవి ఎవరి ఖాతాలోనూ పడకుండా పోతాయి. బౌలరు రన్నప్ దగ్గరికి నడిచి పోతాడు, కెప్టెన్ ఫీల్డరును రెండడుగులు ఇటు, మళ్లీ అటు జరుపుతాడు, పన్నెండో ఆటగాడు గ్లవ్స్ పట్టుకుని వస్తాడు, నీళ్ల సీసాలు వస్తాయి. ఎండ మండుతున్న పదకొండింటికి ఇవన్నీ ఎవరికీ తప్పుగా కనపడవు. ఆ పదకొండింటి నిమిషాలే సాయంత్రం చీకట్లోకి జారతాయి.

శిక్షలు లేవని కాదు. 2023 యాషెస్‌లో ఓవర్లు నిదానంగా వేసినందుకు ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్‌లో ఇంగ్లండ్‌కు 19 పాయింట్లు, ఆస్ట్రేలియాకు 10 పాయింట్లు కోశారు. కోసిన పాయింట్లతో ఆ రోజు టిక్కెట్టు కొన్నవాడికి ఏం ఒరిగింది? పోయిన ఓవరు తిరిగి రాలేదు. 2025 నుంచి టెస్టుల్లో కూడా ఓవరుకూ ఓవరుకూ మధ్య అరవై సెకన్ల గడియారం పెట్టారు. రెండుసార్లు హెచ్చరిస్తారు, ఆ పైన ఐదు పరుగులు ఎదుటి జట్టుకు ఇస్తారు. ఇది మంచి పని. మ్యాచ్‌లోనే, ఆ పూటే దెబ్బ తగిలితే తప్ప కెప్టెన్లు కదలరు. నేను ఇంకో అడుగు ముందుకు వేయమంటాను. బౌలింగు జట్టు ఎన్ని ఓవర్లు బాకీ పడితే అన్ని ఓవర్లూ మర్నాడు పొద్దున మామూలు సమయం కంటే ముందు వేయించాలి. ఆటగాళ్లు అరగంట ముందు నిద్ర లేచి గ్రౌండుకు రావాల్సి వస్తే ముందురోజు మధ్యాహ్నమే చేతులు చురుగ్గా కదులుతాయి.

పొద్దున మంచు ఉంటుంది, పిచ్ తడిగా ఉండి బౌలర్లకు మరీ అనుకూలిస్తుంది, ఉత్తరాదిలో పొగమంచు ఉంటుంది అంటారు. నిజమే. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ, కాన్పూర్ వైపు తెల్లవారుజామున ఆడలేరు. అక్కడ ఆ నెలల్లో టెస్టులు పెట్టకుండా దక్షిణానికి పంపవచ్చు. మిగతా చోట్ల తడి పిచ్ మీద మొదటి అరగంట బ్యాట్స్‌మన్ కాస్త కష్టపడితే అది ఆటలో భాగమే. కనపడని బంతికి ఎదురు నిలవడం ఆటలో భాగం కాదు. రంజీ ట్రోఫీ గురించి ఇంకా గట్టిగా చెప్తాను. అక్కడ లీగ్ దశలో ఆట నాలుగు రోజులే. మ్యాచ్ డ్రా అయితే మొదటి ఇన్నింగ్స్‌లో ఆధిక్యం వచ్చిన జట్టుకు మూడు పాయింట్లు, వెనకబడ్డ జట్టుకు ఒకటి. ఒక సాయంత్రం పోయిన గంట ఆ రెండు పాయింట్ల తేడాను తేల్చేయగలదు. మన జిల్లాల నుంచి ఆంధ్ర జట్టు దాకా పోవాలని నెట్స్‌లో చెమటోడ్చే పిల్లలున్నారు. వాళ్లకు ఆ గంట విలువ ఎక్కువ.

ఇవన్నీ పెద్దవాళ్ల సంగతులు, మనకేం సంబంధం అనుకోకండి. ఇదే జబ్బు మన ఊళ్లలో ఇంకా ముదిరి ఉంది. ఆ మధ్య ఒక సంక్రాంతి టోర్నమెంటుకు నన్ను స్కోరు రాయడానికి పిలిచారు. ఊరి పేరూ నిర్వాహకుల పేరూ వద్దు. లెదర్ బంతి, ఇరవై ఓవర్ల మ్యాచ్‌లు, ఒకే గ్రౌండు మీద ఒకే రోజు రెండు సెమీఫైనళ్లు. తొమ్మిదికి టాస్ అన్నారు. పిల్లలు ఎనిమిదికే తెల్ల బట్టలు వేసుకుని వచ్చి నిలబడ్డారు. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండు కావచ్చింది. పూలదండలు, శాలువాలు, జ్యోతి వెలిగించడం, ప్రసంగాలు. తర్వాత అతిథి గారు ఒక బంతి ఆడాలి. బౌలరు కింద నుంచి విసిరాడు, ఆయన కొట్టారు. ఫొటో సరిగా రాలేదని ఇంకోసారి విసిరించారు. మొదటి మ్యాచ్ మొదలయ్యేసరికి పన్నెండు. రెండోది మూడుంబావుకు మొదలైంది. ఆ రోజుల్లో మా దగ్గర ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది.

రెండో మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్ సగానికి వచ్చేసరికి నా స్కోరు పుస్తకంలో గీతలు నాకే అగపడటం మానేశాయి, మొబైల్ లైటు వేసుకుని రాశాను. అంపైర్లు ఇద్దరూ షామియానా దగ్గరికి వచ్చి ఆపుదామన్నారు. రేపు ఫైనల్, పై ఊరి జట్టు మళ్లీ ఎట్టా వస్తుంది, ఇంకో ఎనిమిది ఓవర్లే గదా కానీండి అన్నారు నిర్వాహకులు. వాళ్లు వెనక్కి వెళ్లారు. కవర్స్‌లో ఒక ఇంటర్ కుర్రాడు ఉన్నాడు. బ్యాట్స్‌మన్ గట్టిగా కొట్టాడు. బంతి నేరుగా ఆ కుర్రాడి చెంప ఎముక మీద తగిలింది. మీకు ఒక్కటి చెప్తాను, వాడి చేతులు పైకి లేవలేదు. రెండు చేతులూ తొడల పక్కనే ఉన్నాయి. ఎంత చేతగాని ఫీల్డరైనా మొహం మీదికి వస్తున్న బంతికి చేతులు అడ్డం పెట్టుకుంటాడు. వాడికి బంతి అసలు కనపడలేదు. కింద పడ్డాక కూడా ఏం జరిగిందో తెలియక ‘ఏంది సార్, ఏంది’ అంటున్నాడు. మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. కంటి కింద కుట్లు పడ్డాయి, దేవుడి దయ వల్ల చూపు పోలేదు.

అప్పుడు జనం అంపైర్ల మీద పడ్డారు. చీకట్లో ఆడిస్తారా, బుద్ధి లేదా అని కేకలు వేశారు. ఇంకో చోట అదే అంపైర్లు ఆట ఆపి ఉంటే ఎందుకు ఆపారని కేకలు వేసేవాళ్లూ వీళ్లే. పొద్దున అతిథి కోసం, శాలువాల కోసం పోయిన మూడు గంటల గురించి ఒక్కరూ నోరెత్తలేదు. తొమ్మిదికి మొదలై ఉంటే ఆ రెండో మ్యాచ్ నాలుగు లోపే అయిపోయేది. ఆ కుర్రాడు ఎండ ఉండగానే ఇంటికి పోయేవాడు.

అతిథుల మీద నాకు కోపం లేదు. వాళ్లు చందాలు ఇస్తేనే మ్యాటు, బంతులు, కప్పులు వస్తాయి. వాళ్లకు సన్మానం చేయండి, దండలు వేయండి. ఆ పని ఫైనల్ తర్వాత కప్పు ఇచ్చేటప్పుడు చేయండి, లైట్లు వేసి తీరికగా చేయండి. చీకట్లో ప్రసంగం వింటే ఎవరికీ దెబ్బ తగలదు. టాస్ వేళకు అతిథి రాకపోయినా టాస్ వేసేయమని అంపైర్లకు నిర్వాహకులు ముందే చెప్పి పెట్టాలి. పొద్దు గుంకే వేళ ఆ రోజు ఎంతో చూసి, దానికి ముప్పావుగంట ముందే ఆఖరి బంతి పడేలా లెక్క కట్టి టైము పెట్టుకోవాలి. ఇదంతా ఖర్చు లేని పని. మా ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది, గ్రౌండ్లు ఆరి ఆటలు ఊపందుకునేది సంక్రాంతికే. ఏడాదిలో పొట్టి పగళ్లూ అప్పుడే. కాబట్టి ఇక్కడ ఆడించేవాళ్లకు ఈ లెక్క మిగతావాళ్లకంటే ముఖ్యం.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. మీ స్కోరు వివరాల కింద ‘వెలుతురులేమి కారణంగా ఆట ముందుగా ముగిసింది’ అని ఒక్క వాక్యం వేసి వదిలేస్తున్నారు. దయచేసి దాని పక్కన ఇంకో రెండు అంకెలు వేయండి. ఆట ఆగేసరికి ఎన్ని ఓవర్లు పడి ఉండాలి, ఎన్ని పడ్డాయి? ఆ రెండూ చూసిన పాఠకుడు ఎవరిని నిలదీయాలో తానే తేల్చుకుంటాడు. సంక్రాంతి టోర్నమెంట్ల వార్తలు మీ జిల్లా ఎడిషన్‌లో వేసేటప్పుడు కూడా అతిథుల పేర్లతో పాటు టాస్ ఎన్ని గంటలకు పడిందో రాయమని మీ విలేకరులకు చెప్పండి. పేపర్లో వస్తుందని తెలిస్తే మా వాళ్లు తొమ్మిదికి టాస్ వేస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.